కోరుత్ మాస్టారి లాటరీ నిర్మూలన

లాటరీ టికెట్‌ను జన్మలో తాకని చెయ్యి మా కేరళ కుట్టనాడు మొత్తంలో ఒక్కటే ఉంది. అది నాది! కుడిచెయ్యి. ఎడమచెయ్యి కూడా అంతే పవిత్రం.

అయినా ఊళ్లో నా పేరు లాటరీ ఇట్టిరా! కారణం పక్కింటి కోరుత్ మాస్టారు, లాటరీ నిర్మూలన సంఘం అధ్యక్షులు. మా భాషలో నాకు ఆయన మాషు, అంటే మాస్టారు; ఆయనకి నేను చేట్టన్, అంటే అన్న. మాస్టారు రోజూ పొద్దున్నే, టికెట్లమ్మే పీతాంబరన్ సైకిలు ఆపి నిట్టూర్చేవారు.

"ఏం చెయ్యను పీతాంబరా! మోకాళ్ల నొప్పితో ఇట్టిరా చేట్టన్ పొద్దుటిపూట గడప దాటలేడు. టికెట్ లేనిదే ఆయనకి ముద్ద దిగదు. ఒకటివ్వు."

టికెట్ ఆయన జేబులోకి, చెడ్డపేరు నా నెత్తిమీదికి! పైగా సంఘం ఆదివారం సభలో నన్నే వేలెత్తి చూపించేవారు. నేను బుద్ధిగా తల దించుకునేవాణ్ణి. వారంవారం వాళ్లింటి నుంచి బాతు కూర వచ్చేది మరి. అంత కూరకి ఆ మాత్రం తల దించొచ్చు.

ఇంతలో ఒక టికెట్‌కి మొదటి బహుమతి తగిలింది.

మాస్టారు మా ఇంట్లో దూరి గడియ పెట్టారు. "చేట్టా, కొంప మునిగింది! ముప్పై రోజుల్లోగా టికెట్ వెనక పేరు, ఊరు రాసి సంతకం పెట్టాలట. ఫొటో మీద గెజిటెడ్ అధికారి ముద్ర వేయించాలట!"

"పెట్టండి మాషే, సంతకానికేం రోగం?"

"పెడితే పరువు పోతుంది, పెట్టకపోతే డబ్బు పోతుంది. నువ్వు పెట్టు. డబ్బు రాగానే నాకిచ్చెయ్యి."

"సంతకం ఎవరిదో డబ్బు వాళ్లదే కదా?"

ఆయన మొహం పాలిపోయింది. "ఇంత చట్టం నీకెవరు నేర్పారు?"

"ఆదివారం సభలో మీరే!"

అప్పటికే సంతకం కోసం ఆయనిచ్చిన టికెట్ నా చేతిలో ఉంది. మొదట చెప్పిన పవిత్రత అక్కడితో సరి! నేనొక అంచు, ఆయనొక అంచు పట్టుకున్నాం. లాగితే చిరుగుతుంది, చిరిగితే చెల్లదు. అంచేత ఊపిరి బిగబట్టి, మహా మర్యాదగా నిలబడ్డాం. చివరికి ఆయన నా చంకలో చక్కిలిగింతలు పెట్టి టికెట్ దక్కించుకున్నారు!

మర్నాడే తన పేరు రాసి, గుట్టుగా తిరువనంతపురం వెళ్లి దాఖలు చేశారు.

పీతాంబరన్‌కి ఈ గొడవ తెలీదుగా! టికెట్ నాదేననుకుని, నా మనవరాలి పెళ్లి ఫొటోలోంచి నా తల కత్తిరించి కూడలిలో ఫ్లెక్సీ కట్టాడు. చర్చి కమిటీ, పడవ పందేల క్లబ్బు, నాకే తెలియని నా చుట్టాలు, అంతా చందాలకని నా వాకిట్లో దిగారు.

"డబ్బు మాషుకే వెళ్లింది, ఆయన్నడగండి" అన్నాను. అంతే!

"ముసలాయన టికెట్ కొట్టేశావా, దొంగ మాషే!" అంటూ జనం ఆయన గేటు ఊపారు. పోలీసుల్ని పిలవమన్నారు.

మాస్టారు బెంచీ ఎక్కి గుండె చరుచుకున్నారు. "టికెట్ నాదే! లాటరీ ఆడేది నేనే! పదేళ్లుగా రోజూ ఆడుతున్నాను! ఇట్టిరాకి టికెట్ రంగు కూడా తెలీదు, మొర్రో!"

ఆదివారం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మాస్టారు సంఘానికి భవనం కట్టిస్తానన్నారు. సభ్యులు లోతుగా ఆలోచించారు. లాటరీ శాఖ నుంచి ఒక్క దెబ్బకి ఇంత డబ్బు గుంజి, దానికింత నష్టం కలిగించిన వీరుడు ఇంకెవరు? ఆయన్నే ఏకగ్రీవంగా శాశ్వతాధ్యక్షుణ్ణి చేసి, ఏనుగు మీద ఊరేగించారు!

ఏనుగు మాత్రం నేను కల్పించాను. ఊరేగించింది పడవలో. ఆ వీరుడి తీర్మానంలో ఒక్క అక్షరం కూడా నా కల్పన కాదు.