చాందినీ పళ్లెం

పది గంటలకు నందిత వచ్చేలోగా పళ్లెం తుడిచి పెట్టాలని కాశింవలి పొద్దున్నే అలమర తెరిచాడు. పళ్లెం లేదు.

నలభై ఏళ్ల కిందట మద్రాసులో చాందినీ అనే పందెపు గుర్రానికి మేత పెట్టి, మాలీషు చేసి, దానికి జ్వరమొస్తే పక్కనే పడుకున్నవాడు కాశింవలి. అది పెద్ద కప్పు గెలిచినప్పుడు యజమాని దాని బొమ్మతో పింగాణీ పళ్లేలు చేయించి అందరికీ పంచాడు. ఇప్పుడు ఆ ఇంట్లోనే ఒక్కటీ మిగల్లేదట. ఆయన మనవరాలు నందిత ఒక్కసారి చూసిపోదామని చెన్నై నుంచి చిత్తూరుకు వస్తోంది.

"వహీదా! చాందినీ యాడుండాది?"

"నిన్న పక్కింటి చౌడేశ్వరమ్మకు దాంట్లోనే గదా హల్వా పంపినా. కడిగిన పళ్లెం ఇంకోటి లేకపాయ," అంది భార్య వహీదున్నీసా తాపీగా.

కాశింవలి పక్కింటికి పరుగెత్తాడు.

"ఖాళీ పళ్లెం ఎట్లిచ్చేది భాయ్? మామిడిపండ్లు పెట్టి తెస్తే మీ ఇంటికి తాళమేసిండాది. మీకిమ్మని పంకజాక్షికిచ్చినా," అంది చౌడేశ్వరమ్మ. ఆయన్ను కూడా ఉత్తచేతులతో పంపలేక నాలుగు పండ్లు పెట్టింది.

ఎదురింటి పంకజాక్షి నాలుక కరుచుకుంది. "పండ్లు మా పిల్లోళ్లు తినేసినారు భాయ్. ఉత్త పళ్లెంతో మీకు మొగమెట్ల సూపించేది? మురుకులు పెట్టి మీ ఇంటికి పంపమని కుప్పయ్య అంగడికిచ్చినా." పండ్ల మీదికి రెండు తీపి పోలీలు చేరాయి.

అంగడి మూసి ఉంది. కుప్పయ్య టీకి పోయాడట. కాశింవలి పండ్లూ పోలీలూ మోసుకుంటూ ఇల్లు చేరేసరికి నందిత వచ్చి కూర్చుని ఉంది, ఒళ్లో పేపరు చుట్టిన పొట్లమేదో పెట్టుకుని.

ఆయనకు ఏడుపొచ్చింది. "తల్లీ, మీ తాత పళ్లెం పోగొట్టినా. చాందినీని సూసుకున్నోణ్ని, దాని బొమ్మను సూసుకోలేకపోయినా."

"ఏడవద్దు తాతా. ముందు మురుకులు తినండి. దారి అడిగితే అంగడాయన మీకిమ్మన్నాడు," అంటూ నందిత పేపరు తీసింది.

మురుకుల సందుల్లోంచి ఒక చెవి, ఒక కన్ను కనిపించాయి. కాశింవలి మురుకులన్నీ పక్కకు తీశాడు. చాందినీకి చిన్న గీత కూడా పడలేదు. నందిత ఆ బొమ్మను వేలితో మెల్లగా నిమిరింది. ఆ వేలిని చూసి కాశింవలి మనసు కరిగిపోయింది.

"ఇది మీ ఇంట్లో ఉండాల తల్లీ. తీసుకుపో."

వహీదున్నీసా పళ్లెం అందుకుని కడిగి, నిండా హల్వా పెట్టి ఇచ్చింది. కారు వెళ్లిపోయాక కాశింవలి ఖాళీ అలమర ముందు నిలబడిపోయాడు.

"ఏందట్ల సూస్తావు? హల్వా ఎందుకు పెట్టినాననుకున్యావు?" అంది వహీదున్నీసా. "ఆ పిల్ల మటుకు ఖాళీ పళ్లెం ఇంట్లో పెట్టుకుంటాదా?"

నెల తిరక్కుండానే చాందినీ మైసూరుపాకుతో తిరిగొచ్చింది. వహీదున్నీసా మళ్లీ హల్వాకు పొయ్యి వెలిగించింది.