మిరాబెల్‌కి బేరం

ఆ శనివారం పొద్దున ఒడీల్ వేసుకున్న పథకం చాలా మామూలుది. కాఫీ తాగి పెందలాడే పడవ విప్పాలి. కాలువలో నీటిమట్టం మార్చి పడవల్ని దింపే తలుపుల లాకు దాటాక చెట్ల నీడలో భోజనం చెయ్యాలి. సాయంత్రం కింది ఊరు చేరాక, లీల్ నుంచి వచ్చి తమతోనే పడవెక్కుతున్న పాత స్నేహితులు ఫాబ్రిస్, అతని భార్య మరివోన్‌లతో బేరం ఖాయం చేసుకుని, పడవ పీడ వదిలించుకోవాలి.

ఆ పడవ పేరు మిరాబెల్. ఒడీల్ భర్త అర్మాన్ రైల్వే ఉద్యోగం నుంచి రిటైరవగానే కొన్నాడు. అప్పటినుంచి ఆరేళ్ళుగా వాళ్ళ వేసవులన్నీ బుర్గుండి కాలువలోనే గడిచిపోయాయి. "నాకీ డబ్బాలో నడుం పడిపోతోంది, అమ్మేద్దాం" అని ఒడీల్ అన్నప్పుడు అర్మాన్ "సరే" అన్నాడు. ఇంట్లో ఏ వాదనలోనూ గెలిచిన అలవాటు లేనివాడు అంతకంటే ఏమంటాడు? కానీ ఆ రాత్రి కన్నబిడ్డలాంటి పడవను తలుచుకుని దుప్పటి కింద ఏడ్చాడు. ఆ సంగతి ఒడీల్‌కి తెలియదు.

అందుకే అర్మాన్ మనసులో ఇంకో పథకం ఉంది. పడవను చెడగొట్టకుండా ప్రయాణాన్ని చెడగొట్టాలి. లిఫ్టు నిమిషం ఆలస్యమైతే గోడను తన్నే మనిషి ఫాబ్రిస్. అతన్ని ఒక్క గంట ఎండలో కూర్చోబెడితే చాలు, బేరం దానంతటదే మునుగుతుంది.

కాబట్టి అర్మాన్ ఇంజిను తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు, టోపీ వెతికాడు. చివరికి నత్తనడకన నడిపి, సరిగ్గా పన్నెండింటికి పడవను లాకు ముందుకు తెచ్చి పెట్టాడు. లాకు చూసే అమ్మాయి అప్పుడే మోపెడ్ ఎక్కుతోంది.

"భోజనానికి వెళ్తున్నా ముస్యే. ఒంటిగంటకి తలుపులు తీస్తా" అని వెళ్ళిపోయింది.

"చూశావా ఖర్మ" అన్నాడు అర్మాన్, ఫాబ్రిస్ వైపు ఆశగా చూస్తూ. "ఈ కాలువలో రోజూ ఇదే గోల. నీడ కూడా లేదు."

ఫాబ్రిస్ మూసిన తలుపుల్ని చూశాడు, ఖాళీ గట్టును చూశాడు. "అంటే గంటసేపు ఎవడూ ఏమీ చెయ్యలేడా? ఫోన్ చేసి అరిచినా తెరవరా?"

"తెరవరు."

"నలభై ఏళ్ళ నుంచి నాక్కావలసింది ఇదేరా" అని ఫాబ్రిస్ మడతకుర్చీ తీసుకుని గట్టు మీదికి దూకాడు. బూట్లు కూడా విప్పేశాడు.

అర్మాన్ మొదటి అస్త్రం గురి తప్పింది. అయినా రెండో అస్త్రం ఉందిగా. వెనక వచ్చి ఆగిన రెండు పడవలవాళ్ళు కూడా బల్లలు దించారు. ఎవరో ఖర్బూజాలు కోశారు, ఎవరో మేక జున్ను తెచ్చారు. అందరూ కూర్చున్నాక అర్మాన్ తల గోక్కుంటూ చెప్పాడు, "ఒడీల్, రొట్టె ఇంట్లో మర్చిపోయాను."

జున్ను కోస్తున్న కత్తి ఆగిపోయింది. జున్ను ఉండి రొట్టె లేకపోవడమంటే ఆ దేశంలో చిన్న విషయం కాదు. ఒడీల్ మొహం కందగడ్డ అయింది. "పొద్దున నీ చేతికే ఇచ్చాను కదా" అంది.

"పడవ కప్పు మీద సైకిలుంది, నేను ఊళ్ళోంచి తెస్తా" అని ఫాబ్రిస్ లేచాడు. "చిన్నప్పుడు తొక్కిందే." అతను ఈల వేసుకుంటూ పోతుంటే అర్మాన్ జున్ను ముక్కను పక్కకి నెట్టేశాడు.

అరగంట గడిచినా ఫాబ్రిస్ రాలేదు. "వెళ్ళి చూడు, ఏ కాలువలో పడ్డాడో" అని ఒడీల్ మొగుణ్ణి తరిమింది. మిగిలినదల్లా వెనక పడవవాళ్ళ పిల్లల సైకిలు. అర్మాన్ మోకాళ్ళు చెవులకు తగులుతుండగా దాన్ని తొక్కుకుంటూ ఊళ్ళోకి వెళ్ళాడు. రొట్టెల దుకాణం మూసుంది. రొట్టెలవాడూ భోంచెయ్యాలి కదా. ఫాబ్రిస్ మాత్రం ఎదురుగా కాఫీ హోటల్లో, దుకాణం మూసేలోపు కొన్న ఒక రొట్టె చంకలో పెట్టుకుని, ఊరివాళ్ళ మధ్య గ్లాసు పట్టుకుని కనిపించాడు.

"ఇదిగో, నాకు పడవ అమ్ముతున్న దొర వచ్చాడు" అన్నాడు. అందరూ గ్లాసులెత్తారు.

అర్మాన్ అతన్ని పక్కకి లాగాడు. ఇక లాభం లేదు, నిజాలు చెప్పేయాలి. "ఒరేయ్, స్నేహితుడివి కాబట్టి చెప్తున్నా. ఇంజిను దగ్గుతుంది. అడుగున నీళ్ళు ఊరతాయి. వానొస్తే సరిగ్గా దిండు మీదే కారుతుంది."

ఫాబ్రిస్ కళ్ళు చెమర్చాయి. "అమ్మేవాడు పొగుడుతాడు. నువ్వు తిడుతున్నావ్. నీలాంటి నిజాయితీపరుడి దగ్గర కొనక ఇంకెవడి దగ్గర కొంటాన్రా?" అని రెండు చెంపలమీదా ముద్దు పెట్టాడు.

ఇక్కడ ఇలా ఉండగా అక్కడ ఒంటిగంట అయింది. లాకు తలుపులు తెరుచుకున్నాయి. వెనక పడవలు హారన్లు కొట్టాయి.

"ముందు మీరే మేడమ్, లోపలికి రండి" అంది లాకు అమ్మాయి.

"మా ఆయన లేడు" అంది ఒడీల్.

"పడవ ఉందిగా."

ఆరేళ్ళలో అర్మాన్ ఆమెకు ఎన్నో పనులు చెప్పాడు. తాడు విసురు, తాడు పట్టు, తాడు చుట్టు. చుక్కాని చక్రం మాత్రం ఒక్కనాడూ చేతికివ్వలేదు. మరివోన్ ఆమె భుజం తట్టి, "పోనీవే, గోడకి తగిలితే ఇటుకలేగా" అంది. ఒడీల్ చక్రం పట్టుకుంది. పడవ ఒకసారి గోడను రాసుకుంది, తర్వాత బుద్ధిగా లోపలికి వెళ్ళింది. నీళ్ళు దిగాయి, అవతలి తలుపులు తీశారు. అక్కడ పడవ కట్టడానికి చోటు లేదు. ఎదురుగా ఇంకో లాకు ఉంది, అమ్మాయి మోపెడ్ మీద ముందే పోయి చెయ్యూపుతోంది. ఒడీల్ ఇక ఆగలేదు. అర్మాన్ టోపీ కూడా పెట్టుకుంది.

తిరిగొచ్చిన మగవాళ్ళకు ఖాళీ కాలువ కనిపించింది. ఇద్దరూ గట్టు వెంట సైకిళ్ళు తొక్కారు. రెండో లాకులో మిరాబెల్ అప్పుడే నిలబడుతోంది. చక్రం దగ్గర పెళ్ళాన్ని చూసి అర్మాన్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఎడమకి తిప్పు, ఎడమకి" అని కేకేశాడు.

"నోర్మూసుకుని తాడందుకో" అని ఒడీల్ తాడు విసిరింది.

తాడు పని అర్మాన్‌కి కొత్త. రైల్వే మనిషి కదా, ఏదైనా గట్టిగా బిగించడమే తెలుసు. ఇనుప గుంజకు నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. లాకులో నీళ్ళు దిగడం మొదలైంది. పడవ ఒక పక్కే దిగింది, రెండో పక్క తాడుకు వేలాడింది. గిన్నెలు జారాయి, ఖర్బూజా దొర్లింది. అమ్మాయి పరిగెత్తి నీళ్ళు ఆపింది.

"ముడెయ్యకూడదు. చేత్తో పట్టుకుని కొంచెం కొంచెం వదలాలి" అంది ఒడీల్. "ఆరేళ్ళు నీ వెనకే నిలబడి చేశాను. ఒక్కసారైనా తిరిగి చూస్తే తెలిసేది."

అప్పుడే, వంగిన పడవలో, నడిపేవాడి సీటు కింది అర తెరుచుకుంది. అందులోంచి రెండు పొడుగాటి రొట్టెలు దొర్లుకుంటూ వచ్చి ఒడీల్ కాళ్ళ దగ్గర ఆగాయి.

ఒడీల్ రొట్టెల్ని చూసింది, తర్వాత గట్టు మీది మొగుణ్ణి చూసింది. ఆలస్యంగా బయల్దేరడం, మూసిన లాకు, అన్నీ ఒకదాని వెనక ఒకటి అర్థమయ్యాయి.

"అమ్మడం నీకిష్టం లేదు" అంది.

"లేదు." అర్మాన్ ఇనుప గుంజను పట్టుకున్నాడు. "అమ్మేస్తే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో నాకు తెలీదు ఒడీల్."

"ఆ ముక్క నోటితో చెప్పడానికేం?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"చక్రం ఇచ్చుంటే ఒప్పుకునేదాన్ని."

మరివోన్ విరిగిన పళ్ళేలు ఏరుతూ, నవ్వాపుకోలేక, "ఇంత సరదా పడవ నేనెక్కడా చూళ్ళేదు. సంతకాలెప్పుడు?" అంది.

"క్షమించు తల్లీ, నేను పడవ అమ్మను" అంది ఒడీల్, టోపీ సర్దుకుంటూ. "ఏటా జూలైలో వచ్చేయండి. ఊరికే తిప్పుతాను."

ఫాబ్రిస్ మొహం చిన్నబోయింది. "కాఫీ హోటల్లో ఊరందరికీ చెప్పేశానే." ఒకసారి పడవ వైపు చూసి, "ఇంజిను దగ్గుతుంది కూడానూ" అని తనను తానే ఓదార్చుకుని, చంకలో రొట్టెను ఒడీల్‌కి అందించాడు. అర్మాన్ ముడి విప్పి తాడు చేతిలోకి తీసుకున్నాడు. ఒడీల్ చెప్పినట్టే కొంచెం కొంచెం వదిలాడు. పడవ తిన్నగా కిందికి దిగింది. అతని కళ్ళల్లోంచి నీళ్ళు కూడా దిగాయి, ఈసారి దుప్పటి అక్కర్లేకపోయింది.

ఆ వేసవంతా మిరాబెల్ ప్రతి లాకునూ పన్నెండు కొట్టకముందే దాటింది. రోజూ కొనే రొట్టెలు మాత్రం ఆ సీటు కింది అరలోనే ఉండేవి, దాని తాళం చెవి ఒడీల్ మెళ్ళో ఉండేది.