దారిలో పోయిన ఎనిమిది

ఆ ఉదయం ఐసు ఫ్యాక్టరీ యజమాని దొంగను పట్టుకోవాలని బయలుదేరాడు. దొంగ ఎవరో తెలియదు గానీ ఉన్నాడని మాత్రం గట్టి నమ్మకం. కొండ మీద ఆయనకు సొంత గాలిమర ఉంది. ఆ కరెంటు విద్యుత్ సంస్థ తీగల మీదుగా ఫ్యాక్టరీకి వస్తుంది. గాలి బాగా వీచే నెలల్లో మిగిలిన యూనిట్లను సంస్థ దగ్గరే జమచేసుకుని ఎండాకాలం వాడుకోవచ్చు. అంతా బాగానే ఉంది గానీ, కొండ మీద వంద ఎక్కిస్తే ఇక్కడ తొంభై రెండే దిగుతున్నాయి. మిగతాది "దారి నష్టం" అని రాసి సంస్థవాళ్లు చేతులు దులుపుకున్నారు.

"ఆ ఎనిమిదీ ఎవడు మింగుతున్నాడో ఇవాళ తేల్చేస్తా," అన్నాడు వ్యాను ఎక్కుతూ.

వ్యాను నడిపేది బావమరిది. "ముందు చేపల షావుకారికి ఐసు దింపేద్దాం బావా. ఈసారీ తగ్గితే వేరే ఫ్యాక్టరీ చూసుకుంటానన్నాడుగా. ఆయన పోతే మనకి మిగిలేదెవరు?"

"తీగలూ ఆ దారిలోనేగా! చూసుకుంటూ పోదాం. అయినా నీకెందుకంత తొందర?" అంటూ ఆయన బావమరిదిని ఎగాదిగా చూశాడు.

నలభై దిమ్మలతో బయలుదేరిన వ్యాను ప్రతి టవరు దగ్గరా ఆగింది. ఒకచోట బట్టల కొట్లో పట్టపగలే ఇరవై లైట్లు వెలుగుతున్నాయి.

"చూశావా ఆ దర్జా!"

"వాళ్లు బిల్లు కడతారు బావా."

"అనుమానం రాకూడదనే కడతారు."

సబ్‌స్టేషన్ దగ్గర ఆయన వ్యాను టాపు ఎక్కాడు. రేకు చుర్రుమంటుంటే ఐసు మీద కప్పిన గోనెపట్టా తెప్పించి పరుచుకుని కూర్చుని, బైనాక్యులర్స్‌తో తీగలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోసాగాడు. కాపలాదారుకు అది చాలు. ఈల ఊది, వ్యాను తాళం లాక్కుని, తీగల దొంగలు దొరికారని ఇంజినీరమ్మకు ఫోను చేశాడు. ఆవిడ రావడానికి రెండున్నర గంటలు పట్టింది. ఈలోగా కాపలాదారు మంచినీళ్లిస్తే, అందులో ఏం కలిపాడో అని యజమాని ముట్టుకోలేదు.

"తీగ వేడెక్కి కొంత దారిలోనే పోతుందండీ. ఎవరూ తీసుకోరు," అంది ఇంజినీరమ్మ.

"నేనేమైనా చెవిలో పువ్వు పెట్టుకొచ్చానామ్మా? ఎక్కించినంతా దిగాలి. తగ్గితే అది దొంగతనమే. రాసుకోండి!"

ఆవిడ ఫిర్యాదు కాగితం మీద అక్షరం పొల్లుపోకుండా రాసి సంతకం పెట్టించుకుంది. అప్పుడే చేపల షావుకారు వ్యానును వెతుక్కుంటూ వచ్చాడు. వెనక తలుపు తీసేసరికి నీళ్లు బుడబుడా కారి ఆయన చెప్పులు తడిశాయి.

"దిమ్మలన్నారు, ఈ ముక్కలేంటి? సగం ఐసు ఏమైంది?"

"ఎండకి దారిలో కరగదూ? మా తప్పేముంది? ఎక్కించినదానికే బిల్లు. పదేళ్లుగా అంతేగా!" అన్నాడు యజమాని అలవాటుగా.

అందరూ ఆయన వంక చూశారు. ఇంజినీరమ్మ ఆ ఫిర్యాదు కాగితం షావుకారు చేతిలో పెట్టింది. ఆయన గట్టిగా చదివాడు. "ఎక్కించినంతా దిగాలి. తగ్గితే అది దొంగతనమే." ఆపైన కలం అడిగి, కింద తన సంతకం కూడా గీకాడు.

యజమాని చెవులు ఎర్రబడ్డాయి. జన్మలో అంత సిగ్గుపడలేదు. "తూచి, ఉన్నదానికే బిల్లు రాయరా," అన్నాడు బావమరిదితో, నేల చూస్తూ.

"అయితే రేపూ పంపండి," అన్నాడు షావుకారు.

తాళం చేతికొచ్చాక వ్యాను తిరిగి బయలుదేరింది. ఫిర్యాదుదారూ దొంగా ఒకే సీట్లో, ఒకే మనిషిగా కూర్చుని ఇంటికి వెళ్లారు.