నీళ్ళలో మేక

ఆ మంగళవారం పొద్దున జిఫా వేసుకున్న పథకం చాలా చిన్నది. దోమల పొట్టల్లో ఉన్న రక్తం ఏ ప్రాణిదో జన్యుపరీక్షలో తేల్చడం, మధ్యాహ్నం గేటు దగ్గర అలసందలతో వండి అమ్మే 'వాచే' అన్నం తినడం, సాయంత్రం థీసిస్ చివరి అధ్యాయానికి కూర్చోవడం. నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే ఇంకో ఏడాది ఈ ల్యాబులోనే పడి ఉండాలి. ఆ ఊహకే ఆమెకు నీరసం వచ్చేది.

ఆ దోమలు ల్యాబు పెద్ద ప్రొఫెసర్ అమెటెఫే సొంత ఊరివి. ఆయనకు ఊరన్నా, శుభ్రమన్నా ప్రాణం. బల్లల మీద దుమ్ము దులపడానికి మెత్తటి కుచ్చు బ్రష్షు ఒకటి కొత్తగా కొని తెచ్చుకుని, రోజూ పొద్దున్నే స్వయంగా దులిపేవారు. దాన్ని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఫలితం చూసి జిఫా కళ్ళు నులుముకుంది. ప్రతి దోమా మేక రక్తమే తాగింది. మనిషి రక్తం జాడే లేదు. దోమలు పట్టడానికి ఆ ఊరెళ్ళి ఒళ్ళంతా దద్దుర్లతో తిరిగొచ్చిన తనకు ఈ సంగతి ఎలా మింగుడుపడుతుంది? వెనక నుంచి తొంగి చూసిన ప్రొఫెసర్ మాత్రం తన ఊరివాళ్ళను దోమలు ముట్టడం లేదని పొంగిపోయి, ఫోను పట్టుకుని తన గదిలోకి పరుగెత్తారు.

అప్పుడు చూసింది చివరి గొట్టం సంగతి. అందులో దోమ లేదు, ఉత్త నీళ్ళే. పరీక్షలో కల్తీ లేదని చూపించడానికి ప్రతిసారీ అలా ఒకటి పెడతారు. అందులోనూ మేకే ఉంది.

"సార్, నీళ్ళు కూడా మేక రక్తం తాగాయి," అంది గుమ్మంలో నిలబడి.

"చేతులు సరిగ్గా కడుక్కుని ఉండవు. పోయి మళ్ళీ చెయ్యి. మా ఊరి పెద్దతో మాట్లాడుతున్నా," అన్నారాయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి.

జిఫా చేతులు కడిగింది, తొడుగులు మార్చింది, నీళ్ళు మార్చింది. ప్రొఫెసర్ కూడా తన వంతు సాయంగా బల్లను మరోసారి గట్టిగా దులిపి వెళ్ళారు. ఈసారి దోమల్లో కన్నా నీళ్ళలోనే మేక ఎక్కువ కనిపించింది. అనుమానం పక్క బల్ల సెలోమ్ మీదికి పోయింది. నిన్న తిన్నది చేపల పులుసేనని అతను ఒట్టు పెట్టుకున్నా వినకుండా, అతని టిఫిన్ డబ్బాను బయట పెట్టించారు. అయినా మేక పోలేదు. జిఫాకు ఏ గొట్టం చూసినా మేక గడ్డమే కనిపిస్తోంది.

ఈలోగా ప్రొఫెసర్ మాట నమ్మి ఆ ఊరి పెద్ద చాటింపు వేయించాడు. దోమలకు మనుషులతో పని లేదట, ప్రతి మంచం పక్కనా ఒక మేకను కట్టుకోవాలట. వారం తిరిగేసరికి ప్రొఫెసర్‌కి ఆయన అక్క ఫోను చేసింది.

"నీ సైన్సు చల్లగుండ! ఆ మేక నా దోమతెర సగం నమిలేసిందిరా. రాత్రంతా దాని అరుపులే. నీ డాక్టరేటు ఎవడిచ్చాడ్రా?"

ప్రొఫెసర్ ఎదురుగా ఉన్న బల్లను దులపసాగారు. బ్రష్షు లోంచి వెంట్రుక ఒకటి తేలుతూ వచ్చి జిఫా చేతి తొడుగు మీద వాలింది. ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ఒక గొట్టంలో వేసి పరీక్షకు పెట్టింది.

వెంట్రుక మేకదే. ప్రొఫెసర్ ఆ బ్రష్షును సొరుగులో పెట్టి తాళం వేశారు. చాటింపును వెనక్కి తీసుకునే దారేదో ఆయనకు తోచలేదు. దాచిన పాత దోమల్ని దులపని బల్ల మీద పరీక్షిస్తే అన్నీ మనుషుల రక్తమే తాగాయని తేలింది. జిఫాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకైనా మంచిదని ఊరి నుంచి కొత్త దోమల్ని తెప్పించి వాటినీ పరీక్షించింది.

అన్నీ మేక రక్తమే. ఊరు ఊరంతా మేకల పక్కన పడుకుంటుంటే దోమలు మాత్రం ఏం చేస్తాయి? ముందు మనుషులు, పక్కన మేకల్ని కట్టాక మేకలు. చివరి అధ్యాయం దానంతట అదే కుదిరిపోయింది. తను కనిపెట్టిందో, పొరపాటే తనను పట్టుకుందో తెలియక జిఫా అయోమయంగా నవ్వింది.

"నేను ముందే చెప్పానా లేదా?" అన్నారు ప్రొఫెసర్.

ఆమె ఉత్త నీళ్ళున్న చివరి గొట్టం వంక చూసింది. ఈసారి ఉపవాసం ఉన్నది నీళ్ళు మాత్రమే.