పది ఫైళ్లు, ఒకే జ్వరం

2006 ఆగస్టులో ఒక బుధవారం ఉదయం వెంకటరామారావు మాస్టారు ఇడ్లీ తింటూనే ఆ రోజు పనంతా మనసులో పూర్తి చేసేశారు. పది గంటలకు ఖమ్మం నుంచి పరీక్షాధికారి వస్తారు. పదిన్నరకు ప్రాక్టికల్స్. ఒంటిగంటకు కోడికూర భోజనం. రెండింటికి సంతకాలు.

భద్రాచలంలోని ఓ ప్రైవేటు కాలేజీలో ఆయన వైద్య రికార్డుల డిప్లొమా చెబుతారు. రోగి వివరాలు రాసుకోవడం, ఏ జబ్బుకు ఏ కోడ్ నంబరో వేయడం, ఫైలు భద్రపరచడం, అడగగానే తీసివ్వడం, అదీ చదువు. ఉన్న పదిమంది విద్యార్థుల్లో ఎనిమిదిమందైనా ఇది చేసి చూపిస్తేనే వచ్చే ఏడు కోర్సు ఉంటుంది. లేదంటే మాస్టారు ముదిగొండ వెళ్లి మామగారి మిర్చి తోట చూసుకోవాలి. అక్కడ పెత్తనమంతా బావమరిదిది. ఆ సంగతి గుర్తురాగానే నాలుగో ఇడ్లీ ప్లేట్లోనే ఉండిపోయింది.

పరీక్షకు రోగులు కావాలి. అటెండరు హాతీరాం పినపాక వైపున్న తన తండా నుంచి పదిమందిని జీపులో తెచ్చాడు. పిల్లలు నంబర్ల దగ్గర తడబడతారేమోనని మాస్టారికి దిగులు. అందుకని అందరికీ ఒకే జబ్బు కేటాయించారు.

"అందరినీ జ్వరమనే చెప్పమను హాతీరాం. దగ్గులూ నొప్పులూ వద్దు."

"అవ్ సార్. కోడికూర ఉందంటే ఏదైనా చెప్తరు."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఎందుకైనా మంచిదని ఆనాటి రోగుల పట్టీ కూడా మాస్టారే ముందుగా నింపేశారు. పది పేర్ల ఎదుటా 'తీవ్ర జ్వరం' అని గుండ్రంగా రాసి బల్లమీద పెట్టారు.

పరీక్షాధికారి పద్మావతమ్మ ముప్పై ఏళ్లు ఆసుపత్రి రికార్డులు చూసిన మనిషి. పిల్లలు పక్కగదిలో రోగులతో మాట్లాడుతుండగా ఆవిడ చేతికి ముందు ఆ పట్టీ దొరికింది. ఒకే తండా, ఒకే పొద్దు, పది తీవ్ర జ్వరాలు. పైగా అడవి అంచు, వానాకాలం. ఆవిడ సెల్‌ఫోన్ తీసింది.

"ఎవరికండీ?" అన్నారు మాస్టారు.

"మలేరియా వాళ్లకు. గిన్ని జ్వరాలు పెట్టుకొని పరీక్షలేందండీ? ముందు మనుషులు బతకాలె."

నిజం చెబుదామని మాస్టారు నోరు తెరిచారు. బావమరిది గుర్తొచ్చాడు. నోరు మూసుకున్నారు.

అరగంటలో మలేరియా డాక్టర్ భార్గవి జీపు దిగింది. వెనకే దోమల పొగ మిషను. కాలేజీలో పక్కవాడి ముఖం కనిపించకుండా పోయింది. దగ్గుకుంటూనే ఆవిడ మొదటి ఆజ్ఞ వంటమనిషికి ఇచ్చింది.

"కోడికూర బంద్. అందరికీ సగ్గుబియ్యం జావ."

హాతీరాం పెద్దమ్మ రూప్లి లేచి నిలబడింది. "నాకు జొరం లేదు."

"సూదికి భయపడి అట్లనే అంటరు. చెయ్యి ఇయ్యమ్మా."

"పది సూదులు పొడువు బిడ్డా. కూర ఏడికి పాయె?"

హాతీరాం మాస్టారి చెవి దగ్గరికి వచ్చాడు. "సార్, జల్దీ ఏదన్న చెయ్యుర్రి. మా పెద్దమ్మ ఆగది."

జ్వరం ఎప్పుడు మొదలైందో చూడాలని డాక్టరు ఫైళ్లు అడిగింది. పద్మావతమ్మ గడియారం చూసుకుంది. ఆ పొగలోనే పిల్లలు తడుముకోకుండా నిమిషన్నరలో పది ఫైళ్లూ తెచ్చి పెట్టారు. మాస్టారికి సంతోషమూ, భయమూ ఒకేసారి వచ్చాయి.

డాక్టరు అన్నిటికంటే పైనున్న, హేమలత అనే విద్యార్థిని రాసిన ఫైలు తెరిచి, 'రోగి మాటల్లో' అనే గడి పైకి చదివింది. "జొరం లేదు. జొరమని హాతీరాం చెప్పమన్నడు. ఆకలైతాంది." రెండోది తీసింది. "మోకాళ్లు గుంజుతున్నయ్. అది చెప్పొద్దన్నరు." మూడోది. "మంచిగనే ఉన్న. కూర ఎప్పుడు పెడ్తరు?" పదింటిలోనూ అదే వరస.

"పట్టీల జ్వరమని ఉండె గద. నువ్వెందుకు గిట్ల రాసినవ్?" అని పద్మావతమ్మ హేమలతను అడిగింది.

"చెప్పింది చెప్పినట్టే రాయాలని సార్ నేర్పిన్రు మేడం. ఆయనే వచ్చి మార్చమన్నా మార్చొద్దన్నరు."

రెండేళ్లుగా ఆ మాట గోడలకు చెబుతున్నాననుకున్నారు మాస్టారు. సిగ్గుతో తల వంగింది, కళ్లు మాత్రం సంతోషంతో తడిశాయి.

"తప్పు నాదేనమ్మా. ఆ పట్టీ నేనే రాశాను. పిల్లలకేం తెలియదు."

పద్మావతమ్మ మార్కుల కాగితం ముందుకు లాక్కుంది. "పిల్లలకు పదికి పది. కోర్సు ఉంటది. పట్టీ రాసినోళ్లకు మాత్రం సున్నా."

కోడి మళ్లీ పొయ్యెక్కింది. డాక్టరు అనుమానంగా మాస్టారి చెయ్యి పట్టి చూసింది. చెమటలు, వణుకు. వెంటనే రక్తం తీయించి, పదకొండో ఫైలు తెరవమంది. హేమలత మాస్టారి ఎదురుగా కూర్చుని ఆయన చెప్పింది చెప్పినట్టే రాసింది. 'జ్వరం లేదమ్మా. బావమరిది గుర్తొచ్చాడు.'

రక్తపరీక్ష ఫలితం వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నారు. అప్పటిదాకా మాస్టారికి కూర బంద్ కాబట్టి, కాచిన జావ వృథా కాలేదు.