చింతపండు పెట్టి తోమిన రేకులు

తిరువూరులో విస్సన్నపేట రోడ్డు మీద షఫీకి ఒక వెల్డింగ్ షాపు ఉంది. ఊళ్లో సగం ఇళ్ల గేట్లూ, కిటికీ గ్రిల్లులూ అతని చేతి మీదుగా వెళ్లినవే. ఒకసారి గేటు చేయించుకున్నవాళ్లు మళ్లీ అతని మొహం చూడాల్సిన అవసరం రాలేదు, అంత గట్టిగా చేస్తాడు. ఆ గట్టిదనమే వ్యాపారానికి గొడ్డలిపెట్టని అతని తల్లి షరీఫాబీ అభిప్రాయం.

ఆ సోమవారం పొద్దున షఫీ అనుకున్న పని చాలా సాదాసీదాది. ఆరింటికి టీ తాగాలి. ఏడింటికి కొత్త స్టీలు రేకు కోసి, సాయంత్రంలోగా గొట్టంలా చుట్టాలి. నాలుగింటికి పెనుగొలను నుంచి ఏడుకొండలు, ఆయన భార్య నాగేశ్వరమ్మ వస్తారు, వాళ్లకి చూపించాలి. ఇందులో గొడవకి సందెక్కడుందో మీరే చెప్పండి!

ఏడుకొండలు దంపతులకి మరమరాల మిల్లుంది. ఊక పొయ్యిలోంచి ఒక లావుపాటి గొట్టం వెళ్తుంది. దాని బయట మంట, లోపల గాలి. ఆ వేడిగాలే డ్రమ్ములోకి పోయి బియ్యాన్ని మరమరాలు చేస్తుంది. మామూలు ఇనప గొట్టం ఏడాది తిరక్కుండా పెచ్చులు లేచిపోతోంది. గాలితోపాటు ఆ పెచ్చులు కూడా మరమరాల్లో పడుతున్నాయి. పోయిన నెల ఒకాయన పిడతకింద పప్పు తింటుంటే నల్ల పెచ్చు పంటికింద పడిందని, దాన్ని పొట్లం కట్టి తెచ్చి నాగేశ్వరమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు. ఆవిడకి ఆ రోజు అన్నం సయించలేదు.

ఇక్కడ రంగంలోకి దిగింది షఫీ కూతురు షహనా. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఇంటికొచ్చి ఆరు నెలలైంది. ఆ పిల్ల పెనుగొలను వెళ్లి, అరువు తెచ్చిన మీటరు పెట్టి, పొయ్యిలో గొట్టం ఎర్రబడే చోట తొమ్మిది వందల డిగ్రీలు దాటుతోందని తేల్చింది. ఇనుము పనికిరాదంది. గిన్నెలకీ బల్లలకీ వాడే 304 రకం స్టీలు కూడా ఆ వేడికి ఎక్కువకాలం ఆగదంది. క్రోమియం, నికెల్ ఎక్కువగా ఉండే 310 రకమే వెయ్యి డిగ్రీలు దాటినా తట్టుకుంటుందని నోటుపుస్తకంలో లెక్కలు వేసి మరీ చూపించింది. నాగేశ్వరమ్మకి లెక్కలు అర్థం కాలేదు గానీ పిల్ల నచ్చింది.

షఫీ మాత్రం కూతురితో ఒప్పందం చేసుకున్నాడు. "ఈ గొట్టం నిలబడిందా, షాపు బోర్డు మీద నా పేరు పక్కన నీ పేరు రాయిస్తా. నిలబడలేదా, విస్సన్నపేటలో మీ మామ జిరాక్సు షాపులో కూర్చోవాలి. అప్పుడు నన్నేమీ అనకూడదు."

"అనను నాన్నా. పెయింటర్ని మాట్లాడుకో," అంది షహనా. పైకి అలా అంది గానీ, జిరాక్సు మిషను తల్చుకుంటేనే ఆ పిల్లకి ఏడుపొచ్చేది.

ఆదివారం సాయంత్రం విజయవాడ నుంచి రెండు రేకులు దిగాయి. ఒకటి గొట్టానికి 310. రెండోది బస్టాండు దగ్గర టిఫిను హోటలు నడిపే శాంతయ్య బల్లకి 304. బల్లకి పల్చటి రేకు చాలు. కానీ శాంతయ్య "మందంగా వెయ్యి షఫీ, మా మనవడు కూడా దీని మీదే ఇడ్లీలు అమ్మాలి" అన్నాడు. దాంతో రెండు రేకులూ ఒకే కొలత, ఒకే మందం, ఒకే మెరుపు. ఏది ఏదో తెలియడానికి అక్కడి షాపువాళ్లు మూలల్లో మార్కరుతో నెంబర్లు రాసి పంపారు.

సోమవారం ఏడింటికి తండ్రీకూతుళ్లు షాపులోకి వచ్చేసరికి రేకులు రెండూ పెళ్లికొచ్చిన బిందెల్లా ధగధగలాడుతున్నాయి. నెంబర్లు లేవు. పక్కన బకెట్టు, పీచు, చింతపండు పిప్పి ఉన్నాయి. వాటి పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని షరీఫాబీ నిలబడి ఉంది.

"తెల్లారుజామునే నమాజు అయ్యాక పట్టుకున్నా. కొత్త స్టీలు మీద రాతలేంటి, దరిద్రంగా! ఒక పట్టాన పోలేదనుకో."

కొత్త గిన్నె ఇంటికొస్తే దాని మీది స్టిక్కరు గోరుతో గీకి, చింతపండు పెట్టి తోమితే గానీ షరీఫాబీకి నిద్ర పట్టదు. అరవై ఏళ్లుగా అదే అలవాటు. ఆవిడ దృష్టిలో ఇవి కాస్త పెద్ద గిన్నెలు, అంతే.

షహనా గోడకి చేరగిలబడిపోయింది. షఫీ నోరు జారాడు.

"నీకసలు బుద్ధుందా అమ్మా? ఎవరు తోమమన్నారు నిన్ను?"

షరీఫాబీ కొడుకు వంక ఒక్క చూపు చూసింది. బకెట్టు అక్కడే వదిలేసి, నులకమంచం షాపు మూలకి లాక్కుని, తస్బీ పూసల దండ తీసుకుని జపం చేస్తూ కూర్చుంది. ఆవిడ అలిగితే మాట ఉండదు, సైగ కూడా ఉండదు. ఒకసారి పులావులో ఉప్పు తక్కువైందన్నారని పన్నెండు రోజులు నోరు విప్పలేదు. ఇంట్లో అందరికీ ఈ సంగతి తెలుసు కనుక ఆవిణ్ణి మళ్లీ ఎవరూ పలకరించలేదు.

షఫీ పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం తెచ్చి ఒక రేకుకి పెట్టాడు. అంటలేదు. రెండోదానికి పెట్టాడు. అదీ అంటలేదు.

"రెండూ మంచివేనే!" అన్నాడు సంబరంగా.

"మంచివేనని నాకూ తెలుసు నాన్నా. ఏది దేనికి మంచిదో తెలియాలిగా. ఈ రెండిట్లో దేనికీ అయస్కాంతం అంటదు."

విజయవాడ షాపుకి ఫోన్ చేసింది. ఫోను ముగ్గురి చేతులు మారాక, నాలుగో ఆయన "రేకు మీదే రాసిచ్చాం కదమ్మా, సరిగ్గా చూసుకోండి" అని పెట్టేశాడు.

"పోనీ బిస్మిల్లా అని ఏదో ఒకటి చుట్టేద్దామా? సగం ఛాన్సు మనదేగా," అన్నాడు షఫీ.

"వద్దు నాన్నా. తప్పయితే కొన్నాళ్లకి మళ్లీ పెచ్చులే. ఆ ఆంటీ నన్ను నమ్మి ఇచ్చింది." షహనా కొలిమి వైపు తిరిగింది. "నిప్పునే అడుగుదాం. అది అబద్ధం చెప్పదు."

ఒక్కో రేకు అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు పట్టీ కోసింది. సుద్దతో గుర్తు పెడితే నిప్పులో పోతుంది కనుక ఒక పట్టీకి ఒక గాటు, రెండోదానికి రెండు గాట్లు పెట్టింది. వాటికి సరిపోయేలా రేకుల మూలల్లో కూడా సుత్తితో ఒక చుక్క, రెండు చుక్కలు కొట్టింది. తర్వాత రెండు పట్టీలనూ బొగ్గుల కొలిమిలో దూర్చి బ్లోయరు తిప్పింది. నారింజరంగు వచ్చేదాకా కాల్చడం, తీసి చల్లార్చడం, మళ్లీ కాల్చడం. అయిదుసార్లు అలా చేస్తే గానీ నిజం బయటపడదంది.

రెండో విడతకే శాంతయ్య దిగాడు. తన బల్ల ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చినవాడు కొలిమి దగ్గర ఆగిపోయాడు.

"ఏంటమ్మాయ్ కాలుస్తున్నావ్?"

"మీ రేకులో ముక్కే బాబాయ్. ఒకటి మీది, ఒకటి మిల్లువాళ్లది. ఏది ఏదో తెలీక కాలుస్తున్నాం."

నిజం చెప్పడం మంచిదే. కానీ శాంతయ్యకి చెప్పకూడదు. ఆయన హోటల్లో ఇడ్లీ కంటే కబురు వేడిగా దొరుకుతుంది. పదింటికి "షఫీ స్టీలు కాల్చి చూస్తున్నాడంట" అనుకున్నారు. పదకొండింటికి "డూప్లికేట్ స్టీలంట, అందుకే కాలుస్తున్నాడు" అయింది. విస్సన్నపేట షేర్ ఆటోలో ఎక్కేసరికి "షఫీ షాపులో స్టీలు అంటుకుందంట" అని తేలింది. అది పెనుగొలను ఎలా చేరిందో గానీ, పన్నెండింటికల్లా ఏడుకొండలు చెవిన పడేసరికి ఆ కబురులో షాపు సగం తగలబడి ఉంది.

ఒంటిగంటకి ఏడుకొండలు దంపతులు ఆటో దిగారు. వెనక శాంతయ్యా, హోటల్లో టిఫిను తినడానికొచ్చి తినడం మానేసిన మరో పదిమందీ ఉన్నారు. షాపు కాలలేదని చూసి ఒకరిద్దరు నిరాశపడ్డారు కూడా.

"ఏంటి షఫీ, డూప్లికేట్ సరుకు తెచ్చావంట?" అన్నాడు ఏడుకొండలు.

"అయ్యో, అల్లా సాక్షిగా కాదండి!"

"నిప్పు లేనిదే పొగ రాదుగా?"

"నిప్పుందండి, కొలిమిలో ఉంది. అంతకుమించి ఏం లేదండి," అన్నాడు షఫీ చేతులు జోడించి.

నాగేశ్వరమ్మ అతన్ని దాటుకుని నేరుగా షహనా ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మాయ్, మా ఆయన వద్దంటున్నా నీ మాట విని ఇచ్చాను. ఇంకొక్క పెచ్చు మరమరాల్లో పడిందంటే మా సరుకు ఎవరూ ముట్టరు. ఉన్నదున్నట్టు చెప్పు. ఏం జరిగింది?"

షహనా దాచలేదు. నెంబర్లు పోయాయని చెప్పింది. ఎలా పోయాయో చెబుతూ మూలనున్న మంచం వైపు చూసింది. తస్బీ పూసలు చకచకా కదిలాయి గానీ పెదవి కదల్లేదు.

"చివరిసారి కాలుతున్నాయి ఆంటీ. ఒకటి పెచ్చులు లేవాలి, ఒకటి లేవకూడదు. రెండూ లేచాయంటే విజయవాడ షాపువాళ్లు మమ్మల్ని మోసం చేసినట్టు. అప్పుడు ఈ పని మీకు చేయలేమని నేనే చెప్పేస్తా."

పట్టకారుతో రెండు పట్టీలూ బయటికి తీసి ఇనపదిమ్మ మీద పెట్టింది. ఎరుపు తగ్గుతూ నల్లబడుతున్నాయి. షఫీ మనసులో దువా చదువుకుంటున్నాడు. బోర్డు పోతే పోయింది, పిల్ల కళ్లలో నీళ్లు రాకపోతే చాలనుకున్నాడు. అంతవరకూ వాగుతున్న పదిమందీ దిమ్మ చుట్టూ మూగారు.

చిట్, చిట్ మని చప్పుడైంది. ఒక గాటున్న పట్టీ మీద నల్లటి పొర పగిలి, పొలుసులు పొలుసులుగా దిమ్మ మీద రాలింది. రెండు గాట్లది ముదురు బూడిదరంగు తిరిగి అలాగే ఉంది. షహనా సుత్తితో దాన్ని తట్టింది, ఒక్క రవ్వ కూడా రాలలేదు.

"చూశారా! కాలిపోయింది! డూప్లికేటే!" అని అరిచాడు శాంతయ్య, రాలినదాన్ని చూపిస్తూ.

"అది మీది బాబాయ్," అంది షహనా.

శాంతయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. "నాకు కాలిపోయేది వేస్తావా? నాక్కూడా రెండోదే కావాలి!"

"మీ బల్ల మీద ఇడ్లీ పెడతారా, వెయ్యి డిగ్రీల మంట పెడతారా?"

"ఇడ్లీయే అనుకో. కానీ నలుగురిలో నాది కాలిపోయేదని తెలిసిపోయిందిగా! నా పరువేం కాను?"

నాగేశ్వరమ్మ ఇదేమీ వినడం లేదు. కొంగుముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసింది. పిడతకింద పప్పులో దొరికిన పెచ్చు అది. నెల రోజులుగా దాచుకుంది. దాన్ని దిమ్మ మీద రాలిన పొలుసుల పక్కన పెట్టింది. రెండిటికీ తేడా లేదు. ఆవిడ కాసేపు వాటినే చూసి, చల్లారిన రెండు గాట్ల పట్టీని అరచేత్తో నిమిరింది. చెయ్యి నల్లబడింది గానీ గరుకు తగల్లేదు.

"ఇదేనమ్మాయ్, నన్ను నెల రోజులు ఏడిపించింది ఇదే," అంది. "పుస్తకంలో నువ్వు చూపిస్తే నాకేం తెలిసింది? ఇప్పుడు తెలిసింది. మా గొట్టం దీంతోనే చెయ్యి. విస్సన్నపేటలో మా తమ్ముడిక్కూడా మిల్లుంది, వాడిదీ నువ్వే చెయ్యాలి."

"వాడినీ అడగాలి కదే," అన్నాడు ఏడుకొండలు నెమ్మదిగా.

"మీరూరుకోండి," అంది నాగేశ్వరమ్మ. ఆ ఇంట్లో ఆర్డర్లు అలాగే ఖాయమవుతాయి.

షఫీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట తుడుచుకున్నాడని అందరూ అనుకునేలా కాస్త ఎక్కువసేపే తుడుచుకున్నాడు. ఊరంతా కలిసి తన పరువు తీయడానికొచ్చి, తన కూతురి పనికి సాక్షులై పోతున్నారు. ఇంతటి ప్రచారం డబ్బు పెట్టినా దొరకదు.

జనం కదిలాక మూల నుంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"రెండు చుక్కలు కొట్టారే, అది పొద్దున గోడవైపు ఉంది," అంది షరీఫాబీ తస్బీ మీంచి చూపు తిప్పకుండా. "దాని నెంబరు చివర సున్నా ఉంది. రెండోదాని చివర నాలుగుంది. నేనేగా తోమింది, నాకు తెలీదా?"

షఫీ పరుగున మంచం దగ్గరికొచ్చాడు. "మరి చెప్పవేం అమ్మా!"

"నువ్వడిగింది నాకు బుద్ధుందా అని. అదొక్కటే అడిగావు."

షహనా పకపకా నవ్వుతూ పోయి మంచం మీద కూర్చుని నానమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. "నువ్వలిగావు కాబట్టే బతికాం దాదీ! పొద్దున్నే చెప్పుంటే ఆవిడకి ఇంత నమ్మకం కలిగేదా?"

"అందుకేగా చెప్పనిది," అంది షరీఫాబీ. అది పచ్చి అబద్ధం. అయినా ఎవరూ కాదనలేదు.

సీజనంతా మిల్లు నడిచింది. మరమరాలు తెల్లగా వచ్చాయి, పంటికింద ఏమీ తగల్లేదని కబుర్లొచ్చాయి. షఫీ మాట తప్పలేదు. మిగిలిన 310 ముక్కతోనే కొత్త బోర్డు చేయించి, "షఫీ అండ్ షహనా" అని ఎర్రరంగుతో అందంగా రాయించి, ఆరడానికి గోడకి ఆనించాడు. మర్నాడు పొద్దున్నే షరీఫాబీ బకెట్టు పట్టుకుని అటువైపు నడుస్తుండగా షహనా చూసి పరుగెత్తింది కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే పేర్లు రెండూ రేకులోకి లోతుగా చెక్కించారు.

చింతపండు మాత్రం ఇప్పుడు బీరువాలో తాళం వేసి ఉంటోంది.