కేకు మీద ఊదిన జలుబు

ఏవండీ, వృద్ధాశ్రమంలోకి ఫ్లూ రాకుండా ఆపాలంటారా? ఎంత మాట! అది ఊరికే వస్తుందనుకున్నారా? ప్రేమగా తెచ్చిపెడతారండీ! కావాలంటే భీమడోలు అవతలి ఆశ్రమంలో వెంకటనరసమ్మగారిని అడగండి.

ఈ రోజుల్లో కాస్త పేరున్నవాళ్లెవరైనా పుట్టినరోజు ఇంట్లో చేసుకుంటున్నారా? వృద్ధాశ్రమంలోనే! కిందటి చలికాలం కైకలూరు రొయ్యల మేత వ్యాపారి సాయిచరణ్‌గారు అలాగే వచ్చారు. ముక్కు కారుతోంది, కళ్లు ఎర్రబడ్డాయి. అయినా ఆగారా? కొవ్వొత్తుల మీద ఉఫ్‌మని ఊదారు. ఊది తుమ్మారు. తుమ్మిన చేత్తోనే కేకు తుంచి మామ్మలందరి నోట్లో పెట్టారు. మాస్కు పెట్టుకోండని నర్సు దీవెన అంటే, "మొహం కనపడకపోతే ఫొటో ఎందుకండీ?" అన్నారు. నిజమే కదా!

వారం తిరక్కుండానే హాలంతా దగ్గులు. వెంకటనరసమ్మగారి పక్కమంచం బీబీగారు ఏలూరు ఆస్పత్రికి వెళ్లి మళ్లీ రాలేదు. తాడేపల్లిగూడెంలో జాకెట్లు కుట్టిన మనిషి, పొద్దున్నే ఈవిడకి జడ వేసే మనిషి. ఆ ఖాళీ మంచం చూడలేక వెంకటనరసమ్మగారు గోడవైపు తిరిగి పడుకుంటున్నారు.

ఫ్లూకి ఏటేటా వేసే ఇంజక్షన్ ఉందట. అందరికీ వేయించండని ఆవిడ ఆశ్రమం మేనేజరు రామచంద్రమూర్తిగారి వెంటపడ్డారు. ఆయన నొచ్చుకున్నారు, పాపం.

"ఫ్యానిస్తే రెక్క మీద దాత పేరు రాస్తామండీ. ఇంజక్షనిస్తే ఎక్కడ రాయమంటారు?"

దీనికి సైన్సు దగ్గర జవాబుందా? లేదు! పోనీ, జలుబున్నవాళ్లని గేటు దగ్గరే ఆపండంటే, "దాతని ఆపితే కళ్లు పోతాయండీ" అని చెంపలేసుకున్నారు. ఇంజక్షన్లు రాలేదు. చలికాలమైనా ఇంకో ఫ్యాను మాత్రం వచ్చింది.

ఈ ఏడూ సాయిచరణ్‌గారు వచ్చారు. ఎంత మంచి మనసో! పుట్టినరోజుతోపాటు బీబీగారి సంస్మరణ కూడా పెట్టించారు, ఒకే ఫ్లెక్సీ మీద. ఆయన నిలువెత్తున, బీబీగారు ఓ మూల స్టాంపంత. ఈసారి జలుబుకి దగ్గు కూడా తోడైంది. ఊదారు, దగ్గారు, మొదటి ముక్క వెంకటనరసమ్మగారి నోటి దగ్గరికి తెచ్చారు.

"నోరు తెరవండి మామ్మగారూ, కెమెరాకేసి చూస్తూ!"

ఆవిడ తెరిచారు. కేకుకి కాదు.

"ముందు బీబీకి పెట్టండి బాబూ," అని ఫ్లెక్సీ మూలకి చెయ్యి చూపించారు. "ఆవిడకైతే ఇంక ఏ జబ్బూ అంటుకోదు."